సంచి అడుగున పేపరు

సంచి సర్దడంలో నాకొక పద్ధతి ఉంది. ముందు అడుగున పాత పేపరు పరుస్తాను. దాని మీద దుప్పటి, దుప్పటి మీద బట్టలు, బట్టల మధ్యన మందులు. తినేవి పైన పెడతాను. తువ్వాల అన్నిటికంటే చివర్న, ఎందుకంటే రైలెక్కగానే మనిషి ముందు వెతికేది తువ్వాలనే.

ఆ పొద్దున నా తమ్ముడు సదానందం సంచి సర్దుతున్నాను. వాడు గడప మీద కూర్చుని నా వంక చూసి నవ్వుతున్నాడు. మధ్యమధ్యన దగ్గుతున్నాడు.

"నెల రోజులకు గింత సామానా అక్కా? భివండికి పోతాన, కాశికి గాదు."

"దగ్గు మందు పక్క జేబుల వెట్టిన. పటికబెల్లం గూడ అండ్లనే ఉన్నది. పొద్దుగాల ఒక మూత, మాపటికి ఒక మూత. మర్శిపోకు."

"ఎట్ల మర్శిపోత? ఆ సీస మీద ఏం రాసున్నదో నువ్వు పదిసార్లు సదివినవు. నాకు పాట లెక్క నోటికొచ్చింది."

వాడికి చదువు రాదు. నాకు వచ్చు. ఆ వానకాలంలో మా ఇంటికి జరిగిందంతా అక్కడి నుంచే మొదలైంది.

అడుగున పరచడానికి పేపరు కోసం బియ్యం డబ్బా కిందికి చెయ్యి పెట్టాను. నెల రోజులుగా అక్కడ మడిచి దాచిన పేపరు ఒకటే దొరికింది. వాడు చూస్తుండగానే దాన్ని విప్పి, పెద్దక్షరాల వైపు కిందికి పెట్టి, సంచి అడుగున పరిచాను. పైన దుప్పటి పెట్టి అరచేత్తో గట్టిగా అదిమాను. వాడికేం తెలియలేదు. తెలిసే వీలూ లేదు.

నేను బడికి పోలేదు. మా నేతగాళ్ల వాడకు నూలు కట్టలు వచ్చేటప్పుడు వాటికి పాత పేపర్లు చుట్టి ఉండేవి. మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఆ కాగితాలు ముందేసుకుని, ఇదేం అక్షరం, అదేం అక్షరం అని షావుకారి గుమాస్తాను అడిగి అడిగి నేర్చుకున్నాను. పెళ్లయ్యేనాటికి పెద్దక్షరాలు వచ్చాయి. మా ఆయన సూరత్ మిల్లుకు పోయి ఉత్తరాలు రాసిన మూడేళ్లలో చిన్నక్షరాలు కూడా వచ్చాయి. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన మళ్లీ రాలేదు. చదవడం మాత్రం నాకు మిగిలింది.

అప్పటి నుంచి ఎవరు సంచి పట్టుకుని వాకిలి దాటినా మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతాను. సదానందం కూరగాయలకు పోయి పావుగంట ఆలస్యమైతే వీధి చివరికి పోయి నిలబడతాను. వాడి పెండ్లాం పోయాక ఇరవై ఏళ్లుగా మేమిద్దరమే ఒక ఇంట్లో. వాడు గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. పొద్దున్నే నేను పేపరు ముందేసుకుని, అక్షరం కింద వేలు పెట్టి, పైకి చదివేదాన్ని. ఒత్తుల దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వచ్చి, కూడబలుక్కుని చదువుతాను. నేను ఆగిన చోటల్లా వాడు మగ్గాన్ని టక్కుటక్కుమని ఆడించేవాడు. వార్త పూర్తవగానే ఏదో ఒక బాణీలో దాన్నే తిప్పి పాడేవాడు. నేను తిట్టేదాన్ని, వాడు నవ్వేవాడు. ఏళ్ల తరబడి మా పొద్దుటి పూట అదే.

పక్కింటి విజయశ్రీ బిడ్డ మహిత డిగ్రీ చదువుతోంది. ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున ఫోను పట్టుకుని వచ్చి మగ్గం ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, రోజు లెక్కనే సదువు. కెమెర దిక్కు జూడకు."

"జూడకుంటె అది నన్ను జూత్తాందో లేదో నాకెట్ల తెలుస్తదే?"

ఆ మాట కూడా వీడియోలో పడింది. తర్వాత నేను "ట-మా-టా ధ-ర-ల-కు రె... రెక్కలు" అని చదవడం, వాడు పడుగు మధ్యన నాడె విసురుతూ పాడడం.

*టమాట పిల్లకు రెక్కలొచ్చె,*
*మొగులు మీద కూసున్నదే.*
*దిగిరాయే పిల్లా అంటె*
*నిచ్చెన ఎయ్యుమంటున్నదే.*

మహిత వాడి కళ్లకు నల్లద్దాలు పెట్టించింది. నా తల మీద ఒక టమాటా ఎగిరేటట్టు ఏదో చేసింది. మగ్గం చప్పుడు వెనకాల డీజే చప్పుడు కలిపింది. మూడు రోజుల్లో అది ఎక్కడెక్కడికో పోయింది. కేసముద్రం మార్కెట్‌లో హమాలీలు బస్తాల మీదెక్కి ఆ పాటకు ఆడిన వీడియో మహిత చూపిస్తే సదానందం పది సార్లు పెట్టించుకుని చూశాడు.

"అక్కా, గీ బస్త మీదోడు జూడు, నాకంటె మంచిగ పాడుతాండు."

"వాడు పాడుతలేడు తాతా, నీ గొంతుకే నోరాడిత్తాండు," అంది మహిత.

"నా గొంతు కేసముద్రం దాక పోయిందా? నేనే ఇంత వరకు పోలే."

అప్పటి నుంచి వారానికి రెండు. కరెంటు పోతే పాట, రోడ్డు మీద గుంత పడితే పాట, క్రికెట్ ఓడిపోతే పాట. మొదట నేను చదవడం, తర్వాత వాడు పాడడం. వీడియోల కింద జనం రాసిన మాటలు వాడికి నేనే చదివి వినిపించేదాన్ని. నాకు 'పేపరవ్వ' అని పేరు పెట్టారు. బజారుకు పోతే, "పేపరవ్వా, ఇయ్యాల ఏమన్న ఉన్నదా?" అని అడిగేవాళ్లు. వాడలో ఆడవాళ్లు మందు చీటీలు, బ్యాంకు కాగితాలు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉన్నా నాతోనే చదివించుకునేవాళ్లు. నాకది బాగుండేది. డెబ్బై రెండేళ్లకు నన్నొకరు చదువుకున్నదాన్ని చేశారని లోపల ఎంత పొంగిపోయానో ఎవరికీ చెప్పలేదు.

శ్రావణంలో మూడు రోజులు ఆగకుండా వాన పడింది. నాలా పొంగి మా వాడలోకి వచ్చింది. నీళ్లు ముందు మగ్గం గుంటల్లో నిండాయి. మా ఇంట్లో రంగు నూలు తడిసి, ఎరుపు కారి, మోకాలి లోతు ఎర్రటి నీళ్లలో నేనూ తమ్ముడూ మంచం మీద కూర్చున్నాం. వాడు ఆ నీళ్లలోనే దిగి పడుగు విప్పుతూ రెండు రోజులు గడిపాడు. దగ్గు అప్పుడు పట్టుకుంది.

నీళ్లు తీశాక మా వార్డు పెద్దమనిషి వెంకట్రాజం ట్రాక్టర్ మీద వచ్చాడు. దిగలేదు. పై నుంచే చేతులు జోడించి, అందరి పేర్లూ రాయిస్తానని, ఒక్క మగ్గం కూడా వదిలిపెట్టనని చెప్పి పోయాడు.

రెండు రోజులకు పేపరు వచ్చింది. తడిసి ఉంది. గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టుకుని కూర్చున్నాను. నా కళ్లద్దాలకు బురద గీతలు. మహిత ఫోను పట్టుకుంది. మగ్గం ఇంకా బురదలోనే ఉంది కాబట్టి సదానందం బకెట్ బోర్లించి పెట్టుకున్నాడు. నేను వేలు పెట్టి చదివాను.

"వ-ర-ద బా... బాధితులకు... ప-రి-హా-సం."

వాడి చెయ్యి బకెట్ మీద ఆగింది. ఒక్క క్షణం నా మొహం వంక చూశాడు. చిన్నప్పుడు నేను జేబులోంచి బెల్లం ముక్క తీసి చూపిస్తే అలా చూసేవాడు. తర్వాత బకెట్ మీద దరువు మొదలుపెట్టాడు.

*ఇంట్ల నీళ్లు, గుంటల నీళ్లు,*
*కండ్లల్ల నీళ్లు జూసి సారొచ్చిండే.*
*ఏం దెచ్చిండే, సారేం దెచ్చిండే?*
*పరిహాసం దెచ్చిండే, పంచుతాండే.*
*ఇంటికింత పరిహాసం, మనిషికింత పరిహాసం,*
*ఆధారు కార్డు వట్టుకోని లైను గట్టుండ్రే!*
*బొటనేలు ఒత్తినోళ్లకు*
*కొసరు పరిహాసమున్నదే!*

మహిత నవ్వు ఆపుకోలేక ఫోను కదిలించింది. విజయశ్రీ తడి గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. వాన పడ్డ తర్వాత ఆ వాడలో నవ్వు వినబడడం అదే మొదలు.

మధ్యాహ్నానికి ఎండ కాసింది. పేపరు ఆరింది. ఆ ముక్క దాచుకుందామని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. 'పరిహాసం' అని లేదు. 'పరిహారం' అని ఉంది. తడికి అవతలి పేజీ సిరా ఇవతలికి వచ్చి ఆ 'ర' మీద ఏదో గీత పడింది, అంతే. ఎండకు స్పష్టంగా కనబడుతోంది. నేను తప్పు చదివాను.

అప్పటికే ఆ వీడియో ఊళ్లు తిరుగుతోంది. కింద జనం రాస్తున్నారు. అవ్వ అవ్వ కాదు, అగ్గి. ఒక్క అక్షరం మార్చి ప్రభుత్వం పరువు తీసింది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా ఈ తెలివి రాదు. సదానందం నా పక్కన కూర్చుని, "ఇంకోటి సదువు, ఇంకోటి సదువు" అంటున్నాడు. నేను చదివాను.

"నాకు జెప్పనన్న జెప్పలేదేందే అక్కా?" అన్నాడు. "ముందుగాల్నే అనుకున్నవా, అప్పటికప్పుడు తోచిందా?"

నేను పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. "అప్పటికప్పుడే," అన్నాను.

వినాయక చవితికి వాడ చివర మండపం పెట్టారు. ఐదో రోజు పూజకు వెంకట్రాజాన్ని పిలిచారు. ఆయన పట్టు పంచె కట్టుకుని, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు నొక్కారో, కావాలని నొక్కారో పొరపాటో, డీజే బండిలోంచి నా గొంతు వచ్చింది. "వ-ర-ద బా... బాధితులకు..." అంత పెద్ద చప్పుడులో నా గొంతు విని నాకే భయం వేసింది. 'పరిహాసం' అన్న మాట దగ్గర దరువు పడింది. కుర్రాళ్లంతా వెంకట్రాజం చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఆడారు. "సారేం దెచ్చిండే" అని ఒకళ్లు, "పరిహాసం దెచ్చిండే" అని అందరూ. దాన్ని నలుగురు ఫోన్లలో తీశారు. వెంకట్రాజం నవ్వుతూనే నిలబడ్డాడు. కొబ్బరికాయ మాత్రం కొట్టలేదు, పూజారి చేతిలో పెట్టి కారెక్కాడు.

మర్నాడు పొద్దున ఒక్కడే మా వాకిట్లోకి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు. వాడ జనమంతా గోడల దగ్గర, గుమ్మాల దగ్గర నిలబడ్డారు.

"సదానందం, నువ్వు పాటగానివి. పాటగాడు పాడుతడు. నిన్నేమంట?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మాట మెత్తగానే ఉంది. "అవ్వా, పేపర్ నేను గూడ సదివిన. అండ్ల పరిహారమనే ఉన్నది. పెద్దదానివి, కండ్లు అవుపడయి. తప్పు సదివినవా? గదే మాట ఫోన్ల జెప్పు. అయిపోతది."

అది నిజం. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. నా నోట్లో వరకూ వచ్చింది. కానీ ఎదురుగా మందు చీటీలు తెచ్చే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మహిత నిలబడి ఉంది. తమ్ముడు గడప మీద కూర్చుని, ఇప్పుడు మా అక్క ఏమంటుందో వినండి అన్నట్టు అందరి మొహాలూ చూస్తున్నాడు.

"నాకు సదువొచ్చు," అన్నాను.

ఎవరో ఈల వేశారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సదానందం తొడ చరుచుకున్నాడు. వెంకట్రాజం కుర్చీలోంచి లేచి, గ్లాసు నా చేతికే ఇచ్చి, "మంచిదవ్వా," అని పోయాడు.

నాలుగు రోజులకు చేనేత సంఘం ఆఫీసు గోడకు నష్టపోయినవాళ్ల జాబితా అంటించారు. వాడవాళ్లు నన్ను చదవమని తీసుకుపోయారు. చేతులు పట్టుకుని, జారుతుందని బురద పక్క నుంచి నడిపించి తీసుకుపోయారు. నేను మొదటి పేరు కింద వేలు పెట్టాను. ఒక్కో పేరూ చదివాను. మూడు కాగితాలు. పై వీధివాళ్ల పేర్లు వచ్చాయి. వెనక వీధివాళ్ల పేర్లు వచ్చాయి. నీళ్లు రాని మేడల వాళ్ల పేర్లూ రెండు వచ్చాయి. మా వీధి పేరు ఒక్కటీ రాలేదు. చివరి పేరు దగ్గరికి వచ్చేసరికి నా వేలు కాగితం దాటి గోడ మీదికి పోయింది.

విజయశ్రీ నా పక్కకు వచ్చింది. ఆమె మగ్గం కుంగి, వెనక గోడ పడిపోయి, వాళ్లు ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఉంటున్నారు.

"మళ్లొక్కసారి సదువు పెద్దమ్మా," అంది. "తప్పు సదివినవేమో."

నేను మళ్లీ చదివాను. ఈసారి తప్పు చదివితే బాగుండునని ప్రతి పేరు దగ్గరా ఆగి చదివాను. తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం నుంచి మా వాకిట్లోకి మందు చీటీలు రావడం ఆగిపోయింది. మహితను వాళ్లమ్మ మా ఇంటికి పంపలేదు. పంపు దగ్గర నేను పోతే మాటలు ఆగిపోయేవి. ఒకామె నాకు వినబడేటట్టే, "పాటలు వాళ్లయి, పాట్లు మనయి," అంది. ఆమే చప్పట్లు ముందు కొట్టింది.

వెంకట్రాజం మనిషితో కబురు పంపాడు. రెండింట్లో ఒకటి. అవ్వ తప్పు చదివానని వీడియోలో ఒప్పుకోవాలి. లేదా మున్సిపల్ ఎలక్షన్లు అయ్యేదాకా సదానందం ఈ ఊళ్లో పాట పాడొద్దు, కనబడొద్దు. ఏ ఒక్కటి చేసినా పేర్లు ఎక్కుతాయి.

సదానందం ఆ మనిషికి నన్ను అడగకుండానే జవాబు చెప్పాడు.

"నేనే పోత. మా వాడ సారయ్య బొంబయి పక్కన భివండిల ఉన్నడు, పవర్లూములల్ల కండెలు జుట్టుడు పనన్న దొరుకుతది. మా అక్కతోని మాత్రం తప్పు సదివిన అనిపియ్య. గుమాస్తను బతిలాడి బతిలాడి నేర్సుకున్న సదువది."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అంతా వినబడింది. లేచి రావాలనుకున్నాను. చేతికి పిండి ఉంది, కడుక్కుని పోదామనుకున్నాను. కడుక్కునేసరికి ఆ మనిషి బండి స్టార్టు చేశాడు. ఇప్పటికీ నాకు నేను చెప్పుకునేది ఆ పిండి సంగతే. పిండి చేతులతో కూడా మాట్లాడొచ్చు.

సంచి సర్దిన రోజు కాజీపేట స్టేషన్ దాకా నేను పోయాను. ఆటోలో వాడు దారంతా దగ్గాడు. ప్లాట్‌ఫారం మీద ఒక అమ్మాయి వాడిని గుర్తుపట్టి ఫోటో దిగింది. "అవ్వ గూడ రావాలె" అని నన్నూ మధ్యలోకి లాగింది.

బొంబాయి బండి వచ్చే ముందు, "తమ్మీ, ఆ పేపర్ సంగతి..." అన్నాను.

"ఇగ దాని ముచ్చటెందుకే? ఫికర్ జేయకు. బత్కమ్మ పండుగ దాటినంక ఎట్లన్న వత్త. నువ్వు రోజు సదువుడు మాత్రం బంద్ వెట్టకు. నేను ఫోన్ల ఇంట."

"పోతాన అనకు. పోయొత్త అను."

"పోయొత్త, పోయొత్త," అని వాడు దాన్ని కూడా దరువేసి పాడాడు. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు. బండి కదిలింది.

వాడు లేని ఇంట్లో మూడు పొద్దులు పేపరు చదివాను. ఆగిన చోటల్లా చప్పుడు లేదు. నాలుగో రోజు విజయశ్రీ ఇంటికి పోయి ప్లాస్టిక్ పట్టా బయట నిలబడి మహితను పిలిచాను.

"ఫోన్ దీస్కరా బిడ్డా. నేనొక మాట జెప్పాలె."

గోడ ముందు కూర్చున్నాను. కెమెరా వైపే చూశాను. "నా పేరు అనసూర్య. ఆ రోజు పేపర్ల పరిహారం అనే ఉండె. పేపర్ తడిసింది, నా కండ్లకు అవుపడలె. పరిహాసం అని తప్పు సదివిన. మా తమ్మునికి తెల్వది. వానికి సదువు రాదు. తప్పు నాది."

మహిత ఫోను దించింది. ఆమె కళ్లలో నీళ్లు. "అమ్మమ్మా, నిన్నెవలన్న బెదిరిచ్చిండ్రా?"

"లేదే. నిజమే జెప్పిన."

"సరే. నువ్వు గట్లనే అను," అంది. అలా అంటున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నమ్మలేదని నాకు తెలిసింది.

ఎవరూ నమ్మలేదు. కింద రాసినవన్నీ ఈసారి ఒక్కదాన్నే కూర్చుని, వేలు పెట్టి చదివాను. అవ్వను ఎంత బెదిరించారో పాపం. కళ్లలో భయం చూడండి. వెనక ఎవరో నిలబడి చెప్పిస్తున్నారు. ముసలావిడ నోరు కూడా నొక్కారు. పరిహాసం వీడియో కంటే దీన్ని ఎక్కువ మంది చూశారు. ఎక్కడో ఎవరో నా ఏడుపు మొహానికి డీజే కలిపి, 'తప్పు నాది, తప్పు నాది' అని పాట చేశారు. అదీ ఊళ్లు తిరిగింది.

పేర్లు మాత్రం ఎక్కాయి. వెంకట్రాజం మాట తప్పలేదు. విజయశ్రీ పేరు రెండో కాగితంలో ఉంది, నేనే చదివి చెప్పాను. కానీ జనం తనను ముసలిదాన్ని బెదిరించినవాడంటున్నారని ఆయన మండిపడుతున్నాడని, సదానందం ఇప్పట్లో ఈ దిక్కు చూడొద్దన్నాడని మళ్లీ కబురొచ్చింది.

సదానందం ఫోన్ చేశాడు. గొంతు వెనకాల పవర్లూముల మోత.

"అక్కా, నిన్ను గొట్టిండ్రా?"

"ఎవలు గొట్టలేదురా. నేనే జెప్పిన. నిజంగనే తప్పు సదివిన తమ్మీ."

"నాకు గూడ గట్లనే జెప్పుమన్నరా? పక్కకెవలన్న ఉన్నరా?"

"ఎవలు లేరు. నీ సంచి అడుగున ఆ పేపరే ఉన్నది. సారయ్యతోని సదివిచ్చుకో. నువ్వే జూడు."

వాడికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. తర్వాత, "సరే తీయ్, సదివిచ్చుకుంట. నువ్వు పైలం," అన్నాడు.

బతుకమ్మ పోయింది. దసరా పోయింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. మందు అయిపోయిందన్నాడు. ఇంకోటి కొనుక్కోమంటే, దాని మీద ఏం రాసి ఉంటుందో చదివేవాళ్లు లేరన్నాడు, నవ్వాడు. దీపావళి తర్వాత రెండో ఆదివారం గొంతు మారింది. రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. దవాఖానకు పొమ్మన్నాను. పోతానన్నాడు. రమ్మన్నాను. ఎలక్షన్ల ముచ్చట ఏమైందని అడిగాడు. తర్వాతి ఆదివారం సారయ్య ఫోన్ చేశాడు.

నవంబరు మధ్యలో సారయ్య ఒక్కడే వచ్చాడు. సంచి తెచ్చి గడప మీద పెట్టాడు. వాడు కూర్చునే చోటే పెట్టాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, దూది ధూళిలో పని చెయ్యొద్దని డాక్టరు అన్నా వినలేదని, అక్కడే కాల్చామని, ఇంత దూరం తేలేకపోయామని చెప్పాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగాడు.

నేను సంచి విప్పాను. తువ్వాల. బట్టలు. పటికబెల్లం పొట్లం, సగం. దుప్పటి. అడుగున పేపరు. నేను పరిచినప్పుడు పెద్దక్షరాలు కిందికి ఉన్నాయి. ఇప్పుడు పైకి ఉన్నాయి.

"సదివిపిచ్చుకున్నడా?" అని అడిగాను.

"మీరు ఫోన్ల జెప్పిన నాడే సదివిపిచ్చుకున్నడు," అన్నాడు సారయ్య. "నేనే సదివిన. వరద బాధితులకు పరిహారం అనే ఉన్నదిరా అన్న. రెండుసార్లు సదివిచ్చిండు. ఇగ ఒకటే నవ్వుడు. నవ్వుకుంటనే దగ్గిండు. జూసినవా మా అక్క, పేపర్ల పరిహారమని ఉంటె అప్పటికప్పుడు పరిహాసమని మార్శింది, ఎంత సదువుకున్నదైతే గట్ల సదువుతది అని షెడ్డుల ఉన్నోళ్లందరికి జూపిచ్చిండు."

పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

సదానందం భివండి నుంచి తిరిగి రాలేదు. నవంబరు తొమ్మిదో తారీఖు, ఆదివారం పొద్దున, అక్కడి దవాఖానలో చనిపోయాడు.